గుంటూరు రోడ్డు మీద ఓడ

ఓడ లోపల
మొదటి తరం, ఆరో రోజు (భూమ్మీద జూలై 6)

ఒరేయ్ బాపయ్యా,

నేను క్షేమం. అంతరిక్షంలోకి వచ్చి ఆరు రోజులైంది. ఇంతవరకూ ఇక్కడ నేను సాధించింది తుమ్మడం ఒక్కటే.

నవ్వకు. ఈ ఓడ నీకు తెలిసిందే. గుంటూరు రోడ్డు మీద మూతపడ్డ పాత మిర్చి కోల్డ్ స్టోరేజీ. కిటికీల్లేని ఆ మందపాటి గోడలు చూసి ఈ ప్రయోగం పెట్టిన సంస్థవాళ్ళు ముచ్చటపడ్డారు. లోపల మంచాలు వేసి, లైట్లు బిగించి, వాడిన నీళ్ళనే మళ్ళీ శుద్ధి చేసే యంత్రం పెట్టి, ఓ మూల తోట వేయించి, ఇది నక్షత్రాల మధ్య పోయే ఓడ అన్నారు. అంతా బాగానే ఉంది. ముప్పై ఏళ్ళు మిర్చి బస్తాలు పేర్చిన ఘాటు మాత్రం గోడల్లోంచి పోలేదు. మొదటిరోజు కెప్టెన్ ప్రసంగం చదవబోతే మా ఎనిమిదిమందికీ తుమ్ములు. మానవజాతి మహాప్రయాణం అలా మొదలైంది.

సంగతేమిటంటే, నక్షత్రాలు చాలా దూరం. బయల్దేరినవాడు చేరడు, వాడి మునిమనవడు చేరతాడు. దారిలోనే పుట్టి దారిలోనే పోయే మనుషులు ఎలా బతుకుతారు, ఒకరికి తెలిసిన పని ఇంకొకరికి ఎలా అందుతుంది, అది చూడాలని ఈ ప్రయోగం. మొత్తం పది నెలలు. నలభై రోజులు ఒక తరం. తరం ఆఖర్న చీటీలు తీస్తారు. పేరొచ్చిన ఇద్దరూ చనిపోయినట్టు లెక్క. వెనక తలుపులోంచి ఇంటికి పోవాలి, ఆ తర్వాత ఓడకి ఒక్క ముక్క కూడా రాయకూడదు. వాళ్ళ స్థానంలో కొత్తగా ఇద్దరు పుడతారు. పుట్టినవాళ్ళకి కాగితాలేవీ ఇవ్వరు. మేం నోటితో చెప్పిందే వాళ్ళకి చదువు.

ఫోన్లు లేవు. ఒక్కొక్కరికి భూమ్మీద ఒక్క మనిషితో ఉత్తరాలు రాసుకునే వీలుంది. ఇప్పుడు ఉత్తరానికి రెండు రోజులు. ఓడ దూరం పోయేకొద్దీ ఉత్తరాన్ని ఆఫీసులో అట్టేపెట్టి వారానికి, రెండు వారాలకి, ఆపైన ఇంకా ఆలస్యంగా ఇస్తారట. నేను నీ పేరు రాశాను. మా ఆవిడ పోయాక నాతో తగువు పెట్టుకునే మనిషివి నువ్వొక్కడివే మిగిలావు.

తోటలో అరవై మిరప కుండీలు. వాటికి కాసిన కాయల గింజతోనే రెండో పంట మొలకెత్తించాలి. మొలవకపోతే ఓడ మునిగినట్టు ప్రకటించి అందర్నీ ఇంటికి పంపేస్తారు. ఆ పని అనిల్ కుమార్ అనే వ్యవసాయ డిప్లొమా కుర్రాడిది కాబట్టి నాకు దిగుల్లేదు. మిగతావాళ్ళలో లారీ డ్రైవర్ కోటేష్, టైలర్ షాజాదీ మనకి బాగా కలిశారు. ముప్పై ఆరేళ్ళు పిల్లలకి బోర్డు మీద గ్రహాలు గీసి చూపించాను. ఒక్కసారి నేనూ ఎక్కాలనిపించింది, ఎక్కాను.

నీ
పిచ్చయ్య


ప్రత్తిపాడు
జూలై 11

ఒరేయ్ పిచ్చయ్యా,

నువ్వు భూమి దాటిపోయావని రాశావు. నేను ఈ ఉత్తరం ఇవ్వడానికి బండి మీద తొమ్మిది కిలోమీటర్లు వచ్చాను. మీ ఓడ ఎదురుగా బుల్లయ్య టీ కొట్టు ఉంది. అక్కడ నిలబడి టీ తాగుతూ నీ గోడ చూశాను. గోడ మీద ఇంకా "చల్లని నిల్వ, నమ్మకమైన సేవ" అని కనిపిస్తూనే ఉంది. ఒక గేదె మీ నక్షత్రలోకానికి వీపు రుద్దుకుంటోంది.

"పిచ్చయ్య మాస్టారు కనపడట్లేదే?" అని ఊళ్ళో అడుగుతుంటే "అంతరిక్షంలో ఉన్నాడు" అంటున్నాను. సగంమంది నువ్వు పోయావనుకుని, "అయ్యో, ఎప్పుడు?" అంటున్నారు. నీ పేరిట సంతాపాలు చెప్పించుకునే ఓపిక నాకు లేదు, తొందరగా రా.

మిరప నారు పోశాను. వానలు ఇంకా సరిగా పడలేదు. మా భవ్య ఒంగోలు బ్యాంకులో చేరింది కదా, ఆదివారం వచ్చి "నాన్నా, ఈ ఏడన్నా చేను కౌలుకిచ్చెయ్" అంది. చూద్దాంలే అన్నాను.

తోట డిప్లొమా కుర్రాడి చేతిలో ఉందన్నావు, బతికిపోయాయి మొక్కలు. నువ్వు జన్మలో ఒక్క మొక్క నాటిన పాపాన పోలేదు. వాటి జోలికి వెళ్ళకు. దూరంనుంచి గ్రహాలు చూసుకో.

బాపయ్య


ఓడ లోపల
రెండో తరం, నాలుగో రోజు (ఆగస్టు 13)

బాపయ్యా,

అనిల్ కుమార్ చనిపోయాడు.

మొదటి చీటీ అతనిదే వచ్చింది. పేరు చదివిన గంటలో వెనక తలుపులోంచి పంపేశారు. పోతూ పోతూ గుమ్మం దగ్గర "మాస్టారూ, నీళ్ళు..." అన్నాడు. తలుపు పడిపోయింది. నీళ్ళు ఎక్కువ పెట్టమన్నాడో తక్కువ పెట్టమన్నాడో తెలియదు. ఇక ముందు చీటీ పది రోజులు ముందుగా తీయాలని మేమందరం సంతకాలు పెట్టి పంపాం. ఒప్పుకున్నారు. అనిల్‌కి మాత్రం ఉపయోగం లేకపోయింది.

తోట ఎవరు చూస్తారని సమావేశం పెట్టాం. "సైన్సు మాస్టారు ఉన్నారుగా!" అన్నాడు కోటేష్. అందరూ నా వైపు చూశారు. నేను కాదనలేదు. ఎందుకు కాదనలేదో తర్వాత రాస్తాను.

కొత్తగా పుట్టినవాళ్ళలో జాస్మిన్ అనే అమ్మాయి ఉంది. ఇరవై ఆరేళ్ళు, చీరాలలో మందుల షాపులో పనిచేసేది. పుట్టిన రోజునే నన్ను పదిహేడు ప్రశ్నలు అడిగింది. మిరపాకు వెనక్కి తిప్పి "ఇటువైపు ఎందుకు పాలిపోయి ఉంటుంది మాస్టారూ?" అంది. నేను కిరణజన్య సంయోగక్రియ గురించి అరగంట చెప్పాను. అంతా విని, "మరి ఈ మొక్క ఎందుకు వాడింది?" అని అడిగింది.

అదే నా బాధ. లైట్లు నడినెత్తిన మండే వేళకి ఆకులు తలలు వేలాడేస్తున్నాయి. ఇక్కడ లైట్లలో ఏదో లోపం ఉంది, వేడి ఎక్కువ ఇస్తున్నాయి. వెంటనే జవాబు రాయి. వెంటనే అంటే ఏడు రోజులు పట్టేలా వెంటనే.

పిచ్చయ్య


ప్రత్తిపాడు
ఆగస్టు 21

పిచ్చయ్యా,

నీ ఉత్తరం వచ్చేసరికి వారం. ఇది నీకు చేరేసరికి ఇంకో వారం. అప్పటికి ఆ మొక్కలు ఉంటాయో పోతాయో. ఇకనుంచి నువ్వు ప్రశ్న అడగడం, నేను జవాబివ్వడం కుదరదు. నువ్వు అడగకముందే నాకు తెలిసిందంతా రాసేస్తాను, నీకు ఎప్పుడేది కావాలో అది తీసుకో.

మధ్యాహ్నం వాడిన మొక్కని చూసి కంగారుపడకు. సాయంత్రం మళ్ళీ చూడు. తల ఎత్తిందా, దానికి దాహం లేదు, ఎండకి బద్ధకించింది అంతే. పొద్దున లేచేసరికి కూడా వేలాడుతుంటేనే నీళ్ళు కావాలని అర్థం. అప్పుడు కూడా చూపుడువేలు రెండో కణుపుదాకా మట్టిలో పెట్టు. వేలికి చల్లగా తగిలితే చెంబు కింద పెట్టేసి వచ్చేయ్.

ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే తామర పురుగు. పడవ బోర్లించినట్టు కిందికి ముడుచుకుంటే నల్లి. రెండిటికీ మందు వేరు. మీ దగ్గర మందులు కొట్టనివ్వరు కాబట్టి తడిగుడ్డతో ఆకు వెనక తుడువు. ఓపిక లేకపోతే తెచ్చుకో. మిరప ఆడపిల్లలాంటిది కాదు, మొగపిల్లాడిలాంటిది కాదు, అత్తగారిలాంటిది. రోజూ ఓసారి వెళ్ళి కనపడాలి. పనున్నా లేకపోయినా నిలబడి పలకరించాలి. ఎవరు ఎలా ఉన్నారో దానంతటదే తెలుస్తుంది.

ఇదంతా మా నాన్న నాకు నేర్పిందే. ఆయన చేతి చలవ నీకు తెలుసుగా.

లైట్ల సంగతి నాకు తెలియదు. కానీ అనిల్ కుర్రాడు "నీళ్ళు" అన్నాడంటే తక్కువ పెట్టమనే అని నా అనుమానం. కొత్తవాడెవడూ తక్కువ పెట్టడు.

బాపయ్య


ఓడ లోపల
మూడో తరం, పదిహేడో రోజు (అక్టోబరు 5)

బాపయ్యా,

ఇప్పుడు ఉత్తరానికి పధ్నాలుగు రోజులు. ఈ ఆలస్యంలో ఒక సుఖం ఉంది. నువ్వు చదివేటప్పుడు నీ మొహం నేను చూడక్కర్లేదు. అందుకే నిజం రాస్తున్నాను.

లైట్లలో ఏ లోపమూ లేదు. మొక్కల్ని నేనే చంపాను. వాడాయని నీళ్ళు పోశాను, ఇంకా వాడాయని ఇంకా పోశాను. నీ ఉత్తరం వచ్చేసరికి ఇరవై తొమ్మిది కుండీల్లో వేళ్ళు కుళ్ళిపోయాయి. కుదుళ్ళతో సహా ఊడొచ్చాయి. ముప్పై ఒకటి బతికాయంటే నీ చూపుడువేలి వల్లే.

ఇంకోటి. నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను, కానీ నీ పేరు చెప్పలేదు. నాకే తెలిసినట్టు చెప్పాను. కోటేష్ నన్ను "రైతు మాస్టారు" అంటున్నాడు. జాస్మిన్ మాత్రం "మొన్నటిదాకా చెంబులు చెంబులు పోశారుగా మాస్టారూ, మరి ఈ సంగతి అప్పుడు తెలియదా?" అని అడిగింది. నేను దగ్గొచ్చినట్టు నటించాను.

ఎందుకు కాదనలేదో రాస్తానన్నాను. మా నాన్న ప్రేమదాసు మీ ఇంట్లో పాలేరు. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి మీ చేలోకి పరిగెత్తుకొచ్చి కలుపు పీకబోయాను. నన్ను గట్టు మీదికి తోసేశాడు. తన రెండు చేతులూ నా మొహం ముందు పెట్టి "ఈ ఇంటికి ఇవి చాలు, ఇంకో జత అక్కర్లేదు" అన్నాడు. నేను మాస్టార్నయ్యాను. మట్టి ముట్టుకోకుండానే అరవై ఒకటి దాటాయి. అందుకు ఇన్నాళ్ళూ గర్వపడ్డాను కూడా. ఇక్కడ ఏడుగురూ నా వైపు చూసినప్పుడు, ప్రేమదాసు కొడుక్కి మిరపచెట్టు గురించి ఏమీ తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. మీ నాన్న నీకు నేర్పాడు. మా నాన్న నన్ను గట్టు మీదే ఉంచాడు. కోపంతో అనట్లేదు. కుళ్ళిన వేళ్ళు చేత్తో పట్టుకుని కూర్చున్నప్పుడు అనిపించింది, అంతే.

ఇప్పుడు పూత వచ్చింది. విరగబూస్తోంది. కానీ ఒక్క పిందె పడటంలేదు, పూలన్నీ రాలిపోతున్నాయి. ఎందుకు?

పిచ్చయ్య


ప్రత్తిపాడు
అక్టోబరు 5

పిచ్చయ్యా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. దారిలో ఉందేమో. నేనే రాస్తున్నాను.

మొన్న పదకొండు రోజులు విడవకుండా వాన. చేలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నల్లరేగడి, తొందరగా పీల్చుకోదు. కాలవ తవ్వి నీళ్ళు తీసేసరికి మొక్కలన్నీ ఉడికిన తోటకూరలా వాలిపోయాయి. నిన్నా ఇవాళా కూలీలతోపాటు నేనూ దిగి పీకేశాను. రెండెకరాలు. భవ్య ఫోన్ చేస్తే "బాగానే ఉంది" అన్నాను. నీకూ అలాగే రాద్దామని కూర్చున్నాను, చెయ్యి రాలేదు.

పీకుతుంటే మీ నాన్న గుర్తొచ్చాడు. గుర్తురావడం కాదు, పక్కనే ఉన్నట్టుంది. నీకో సంగతి చెప్పాలి. ఆగస్టులో నీకు అబద్ధం రాశాను. అవన్నీ మా నాన్న నేర్పలేదు. మా నాన్న గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడేవాడు. వేలు రెండో కణుపుదాకా పెట్టమన్నదీ, పడవా బోర్లించిన పడవా చెప్పిందీ, అత్తగారి మాటా, అన్నీ ప్రేమదాసు చెప్పినవే. పదహారేళ్ళప్పుడు బడి మానేసి చేలోకొస్తే చెయ్యి పట్టుకుని చూపించింది మీ నాన్నే. ఊళ్ళో నన్ను మంచి రైతు అంటారు. ఆ పేరు ఎవరిదో ఏనాడూ బయటికి చెప్పలేదు. పాలేరు దగ్గర నేర్చుకున్నానని చెప్పడానికి నామోషీ. నీకు చెప్పడానికి ఇంకా నామోషీ.

ఒకసారి అడిగాను, "ప్రేమదాసూ, నాకు ఇన్ని చెబుతావు, మీ పిచ్చయ్యకి ఎందుకు చెప్పవు?" అని. నీళ్ళు మళ్ళిస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "వాడు అడిగితే చెప్పకుండా ఉండలేను బాబూ. అందుకే చేలోకి రానివ్వను."

అది నీకు నలభై ఏళ్ళ కిందటే చెప్పాల్సిన మాట. ఎప్పుడూ పక్కపక్కనే ఉన్నాం కాబట్టి తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను. నువ్వు అంత దూరం పోయాక గానీ నోరు పెగల్లేదు.

బాపయ్య


ఓడ లోపల
నాలుగో తరం, ముప్పయ్యో రోజు (నవంబరు 27)

బాపయ్యా,

మనిద్దరం ఒకే రోజున రాసుకున్నాం, చూశావా. నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నీది రెండు రోజులు మళ్ళీ మళ్ళీ చదివాను. మూడో రోజు తోటలో అందర్నీ పిలిచి, "నేను మీకు చెప్పినవి నావి కావు, మా నాన్నవి. నాక్కూడా ఈమధ్యే బాపయ్య అనే మిత్రుడి ద్వారా అందాయి" అన్నాను. కోటేష్ తల గోక్కుని "అంటే మాస్టారూ, మీ నాన్న దగ్గర నేర్చుకోడానికి మీరు ఇంత దూరం రావాల్సొచ్చిందా?" అన్నాడు. షాజాదీ వాణ్ణి మోచేత్తో పొడిచింది.

పూత గురించి నువ్వు పంపిన కార్డు తర్వాత అందింది. "ఎందుకు రాలుతోందో నాకు తెలియదు. చేలో ఇలా ఎప్పుడూ చూడలేదు." అరవై ఏళ్ళలో నీ నోట "తెలియదు" అన్న మాట ఇదే మొదటిసారి. దాచుకున్నాను. కానీ అది వచ్చేసరికే ఇక్కడ పెద్ద కథ జరిగిపోయింది.

అక్టోబరు ఇరవై రెండున, సరిగ్గా మధ్యాహ్న భోజనాల వేళ గాలి మిషన్ ఆగిపోయింది. బెల్టు తెగింది. ఓడంతటికీ గాలి తిప్పేది అదొక్కటే. గంటలో ముప్పై ఎనిమిది డిగ్రీలు, రెండు గంటల్లో నలభై ఒకటి. ఆఫీసుకి కబురు పెడితే అందడానికే రెండు వారాలు. అదీ నియమం. గోడకి ఒక ఎర్ర పిడి ఉంది, లాగితే తలుపులన్నీ తెరుచుకుంటాయి, ప్రయోగం అక్కడితో సరి. షాజాదీకి కళ్ళు తిరిగాయి. నేను లేచి వెళ్ళి పిడి మీద చెయ్యి వేశాను.

జాస్మిన్ నా పక్కకొచ్చి నిలబడింది. ఆపలేదు. "మాస్టారూ, నిజంగానే ఓడలో ఉంటే ఈ తలుపు అవతల ఏముంటుంది?" అని మాత్రం అడిగింది.

"ఏమీ ఉండదు."

"మరి అప్పుడేం చేస్తాం?"

షాజాదీ నేల మీద పడుకునే "ముందు సగం లైట్లు ఆర్పండయ్యా, తర్వాత వాదించుకుందురు గానీ" అంది. ఆమె మొహాన తడిగుడ్డ వేసి, లైట్లు ఆర్పాం. జాస్మిన్ ఆమె నాడి పట్టుకుని కూర్చుంది. నాడి కుదుటపడకపోతే మాత్రం తప్పకుండా లాగుదామని నాతో మాట తీసుకుంది. అరగంటకి షాజాదీ లేచి కూర్చుంది. పిడి వదిలేశాను.

సామాన్ల డబ్బాలు చింపి ఒక్కొక్కరం ఒక అట్ట పట్టుకున్నాం. వంతులవారీగా మనుషులకీ మొక్కలకీ విసరడమే పని. కోటేష్ ఆ విసిరే తీరు చూడాలి. లారీ టాపు మీద పట్టా కడుతున్నట్టు ఎగిరెగిరి విసురుతూ, ఏదో గూడ్సు బండి పాట సొంతంగా కట్టి పాడేవాడు. నాలుగు రోజులు. ఈలోగా షాజాదీ కోటేష్ నడుముకున్న తోలు బెల్టు ఊడదీసి, మూడు మడతలు వేసి, తన కుట్టు మిషన్ మీద కుట్టి, గాలి మిషన్‌కి సరిపోయే బెల్టు చేసింది. తిరిగింది! ఇప్పుడు ఓడ కోటేష్ బెల్టు మీద నడుస్తోంది. కోటేష్ ప్యాంటు మాత్రం గోనెతాడు మీద నడుస్తోంది.

పది రోజుల తర్వాత జాస్మిన్ అరిచింది. కోటేష్ నిలబడి విసిరిన వరస నిండా పిందెలు! మిగతా వరసల్లో అక్కడొకటి, ఇక్కడొకటి. అప్పుడు వెలిగింది నాకు. మిషన్ గాలి పైకప్పు దగ్గరే తిరుగుతుంది, మొక్కలకి తగలదు. మొక్క కదలకపోతే పుప్పొడి రాలదు. పుప్పొడి రాలకపోతే పిందె పడదు. ముప్పై ఆరేళ్ళు పాఠం చెప్పాను, పువ్వు బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నాను. నీ చేలో గాలి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అది ఒక పని చేస్తోందని నీకూ తెలియలేదు, మీ వాళ్ళకీ మా వాళ్ళకీ తెలియలేదు.

మిషన్ బాగైనా రోజూ గంటసేపు అట్టలతో విసురుతూనే ఉన్నాం. కాయలు ఇంకా ఆకుపచ్చగా ఉన్నాయి. ఎర్రబడటం నేను చూడను. ఇవాళ చీటీలు తీశారు. నా పేరు వచ్చింది. డిసెంబరు ఏడున చనిపోతాను.

ఇది నీకు చేరేది పద్దెనిమిదిన. అప్పటికి నేను పోయి పదకొండు రోజులు. బహుశా నీ పక్కనే మంచం మీద కూర్చుని నేనే చదివి వినిపిస్తాను. ఉత్తరం రాసుకోడానికి భూమ్మీద ఎవరూ లేరన్న జాస్మిన్‌కి నిన్ను అప్పగించాను. ఆ అమ్మాయికి నేర్పడానికి ఇంకా పది రోజులుంది. నేను చెప్పేకంటే తను అడిగేదే ఎక్కువ. అడుగుతుంటే చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పిచ్చయ్య


ఓడ లోపల
ఐదో తరం, ఇరవై ఒకటో రోజు (డిసెంబరు 28)

బాపయ్యగారికి,

నమస్కారం. నా పేరు జాస్మిన్. పిచ్చయ్య మాస్టారు ఈ నెల ఏడో తేదీన పోయారని తెలియజేయడానికి విచారిస్తున్నాను. ఇలాగే రాయాలట, నియమం. మీ దగ్గరే ఉంటారని తెలుసు. పోయేముందు ప్రతి కుండీ దగ్గరా ఆగి వేలు పెట్టి చూశారు. వెనక తలుపు దగ్గర కోటేష్ అన్న ఏడ్చాడు. నేను ఏడవలేదు గానీ, మర్నాడు ఏదో అడగబోయి "మాస్టారూ" అని పిలిచాను.

కాయలు పదిహేనున ఎర్రబడ్డాయి. మంచివి నాలుగు ఏరి, గింజ ఆరబెట్టి, పదిహేడున పోశాం. నిన్న పొద్దున పదహారు మొలకలు. మట్టిని తలమీద మోసుకుంటూ వంగి లేస్తున్నాయి. ఓడ మునగలేదు. ఈ సంగతి మాస్టారికి చెప్పడం నాకు కుదరదు. మీకు చెబుతున్నాను.

నాకొక సందేహం. వీరాంజనేయులని ఒకతను కొత్తగా పుట్టాడు. విసరడం చక్కగా నేర్చుకున్నాడు. విసురుతూ కోటేష్ అన్న గూడ్సు బండి పాట కూడా పాడతాడు. ఆయన నవ్వులాటకి కట్టిన పాట అది. ఇతను మాత్రం పంటకి పాట కూడా కావాలనుకుంటున్నాడు. మొన్న ఇంకొకావిడ ఒక చరణం ఎగరగొడితే ఆపి మళ్ళీ మొదట్నుంచి పాడించాడు. పాట అక్కర్లేదని చెబితే, పాటతోపాటు విసరడం కూడా మానేస్తారేమో. చెప్పకపోతే, ఇంకో రెండు తరాలు పోయాక పాట మిగిలి, విసరడం మర్చిపోతారేమో. మాస్టారుంటే ఆయన్ని అడిగేదాన్ని. మీరేమంటారు?

జాస్మిన్


ప్రత్తిపాడు
జనవరి 27

అమ్మాయ్ జాస్మిన్,

నీ ఉత్తరం ఇరవై ఎనిమిది రోజులకి అందింది. ఇప్పుడు నా పక్కన ఒక చనిపోయిన మనిషి కూర్చుని ఉన్నాడు. ఓడకి రాయడానికి అతనికి హక్కు లేదు కాబట్టి నేను రాస్తుంటే తప్పులు దిద్దుతున్నాడు. పదహారు మొలకలన్న చోట నా చేతిలోంచి కాగితం లాక్కుని మూడుసార్లు చదువుకున్నాడు. తర్వాత మొహం కడుక్కోడానికి పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

ఈ నెల పదహారో తేదీన మీ ఓడలో చీటీల్లో పేరొచ్చినవాళ్ళు పోయి ఉంటారు. నువ్వింకా ఇటు రాలేదు కాబట్టి బతికే ఉన్నావని అనుకుంటున్నాం.

నీ సందేహం మీద మేమిద్దరం నిన్నటినుంచి కొట్టుకుంటున్నాం. "చెప్పాల్సిందే. ఎందుకు విసురుతున్నామో తెలియకపోతే అది చదువే కాదు" అంటాడు వీడు. నేను "పాడుకోనివ్వరా, పాట ఉంటే గంట తెలియకుండా గడుస్తుంది, లేకపోతే నాలుగో రోజుకి చేతులు నొప్పి అంటారు" అన్నాను. మా ఇద్దరి అరుపులకి పక్కింటి వెంకటేశ్వరమ్మ వదిన వచ్చి "ఏమైంది?" అంది. అంతరిక్షంలో పాట పాడాలా వద్దా అని తగువు అంటే తల కొట్టుకుని పోయింది.

ఇంతలో చేలో మొక్కజొన్నకి నీళ్ళు మళ్ళించాల్సిన వేళయింది. చేను ఈ ఏడు కౌలుకివ్వలేదులే. వీడూ వెంట వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి గట్టు దిగాడు. నేను పార తీసుకుని నేలకేసి మూడుసార్లు కొట్టి, కాలవకి గండి పెట్టాను. "ఆ మూడు దెబ్బలు ఎందుకురా?" అన్నాడు వీడు. నేను ఆగిపోయాను. వీళ్ళ నాన్న ప్రేమదాసు అలా కొట్టేవాడు. చూసి నేనూ కొడుతున్నాను, నలభై అయిదేళ్ళుగా. పారకంటిన మట్టి రాలడానికా, గడ్డిలో పాములుంటే పోవడానికా, ఆయన మనసులో చేసుకునే ప్రార్థనా, నాకు తెలియదు. ఆయన్ని నేను అడగలేదు.

"తెలియకుండానే కొడుతున్నావా ఇన్నాళ్ళూ!" అని వీడు సైన్సు మాస్టారిలా ఒక నవ్వు నవ్వాడు. రెండో కాలవ దగ్గరికి పోయాం. పార ఇలా ఇవ్వమన్నాడు. ఇచ్చాను. పట్టుకోవడం రాదు, అడ్డంగా పట్టుకున్నాడు. గండి పెట్టబోయి ఆగాడు. నేను చూస్తున్నానేమోనని ఓసారి వెనక్కి తిరిగాడు. నేలకేసి ఒకటి, రెండు, మూడు కొట్టాడు. అప్పుడు తవ్వాడు.

తర్వాత ఇద్దరం గట్టెక్కి ఇంటికొచ్చాం.

కాబట్టి అమ్మాయ్, చెప్పాలో వద్దో ఇక్కడ మాకు తేలలేదు. ఇది నీకు చేరేసరికి నెల దాటుతుంది. అప్పటికి నువ్వే ఏదో ఒకటి చేసేసి ఉంటావు. ఏం చేశావో, దానికి వీరాంజనేయులు ఏమన్నాడో మాకు రాయి. ఈ సంగతి మీ దగ్గర్నుంచి తెలుసుకోవాలని భూమ్మీద ఇద్దరం కాచుకుని ఉన్నాం.

బాపయ్య